నలభై రోజులు, ఆరు వేల రూపాయలు, ఒక కన్యాశుల్కం

వేసవి సెలవులు వచ్చాయంటే మా విజయనగరంలో పిల్లలకు ఈత, చదరంగం, చేతిరాత, వేదగణితం నేర్పే శిబిరాలకు కొదవ ఉండదు. ఈ ఏడు వాటి కరపత్రాల మధ్య మరొకటి కూడా మా గుమ్మంలో పడింది. ఏడు నుంచి పది వరకు తరగతుల విద్యార్థులకు వృత్తి రంగస్థల కళాకారులు నలభై రోజుల పాటు శిక్షణ ఇచ్చి, చివర టికెట్టు పెట్టి కన్యాశుల్కం ఆడిస్తారనీ, రుసుము 6000 రూపాయలనీ అందులో ఉంది. తొమ్మిదో తరగతిలోకి వెళ్లబోతున్న మా మనవరాలు చేరతానని పట్టుబట్టింది. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, నాటకం ఆడించడానికి అంత సొమ్ము, అన్ని రోజులు ఎందుకన్న అనుమానం కలిగిన మాట నిజమే. ఆ అనుమానం ఎంతవరకు తీరిందో, ఎక్కడ తీరలేదో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

బడిపిల్లలతో నాటకం ఆడించడం మనకు కొత్త కాదు. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తన శిష్యుల చేతనే వ్యవహార ధర్మబోధినిని ఆడించారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16ను ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పరంపరలో నేను చేసిన సేవ గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. వార్షికోత్సవానికి పదిహేను రోజుల ముందు వేషాలు పంచి, గొంతు ఉన్నవాడిని నాయకుణ్ణి, పొడుగ్గా ఉన్నవాడిని రాజును, మాట పెగలనివాడిని భటుణ్ణి చేసి, అందరి చేతా మాటలు కంఠతా పట్టించి, తెర పక్కన నిలబడి నేనే అందించేవాణ్ణి. పిల్లవాడు తన మాట ఒప్పజెప్పేసి, ఎదుటివాడు ఒప్పజెప్పేలోగా తల్లి ఎక్కడ కూర్చుందో సభలో వెతుక్కునేవాడు. అయినా చప్పట్లు బాగానే పడేవి కనుక, ఇంతకు మించి చేయవలసింది ఏదో ఉందని నాకు తోచలేదు.

ఈ శిబిరంలో మొదటి రోజు ఎవరికీ వేషాలు ఇవ్వలేదు. పిల్లలందరూ మాస్టారూ అని పిలిచే దర్శకుడు, 1897 నాటి తొలి కూర్పుకు గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో రాసిన పీఠిక తీసి అందులోని అంకెలు చదివి వినిపించారు. ఆనంద గజపతి మహారాజుగారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో, పిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా తీయిస్తే 1034 లెక్కకు వచ్చాయి. పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడు. ఇది చదివి ఊరుకోకుండా, ఇంట్లో అయిదేళ్ల లోపు చెల్లెలో తమ్ముడో ఉన్నవాళ్లు చేతులెత్తమని, ఆ పసివాళ్లు ఆ ఉదయం ఏమేమి చేశారో చెప్పమన్నారట. ఒక పిల్ల తన చెల్లెలు గౌను తిరగేసి తొడుక్కుని, అదే సరైనదని అల్లరి పెట్టిందని చెబితే అందరూ నవ్వారట. నవ్వు ఆగాక, ఆ చెల్లెలి వయసు ఎంతని మాత్రం ఆయన అడిగారట. నాలుగేళ్లు. ఇంటికి వచ్చి మా మనవరాలు ఈ సంగతి చెప్పిన తీరు చూశాక, కన్యాశుల్కం పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఆ పీఠికను ఒక్కసారి కూడా తరగతిలోకి తీసుకువెళ్లని నా మీద నాకే కొంచెం కోపం వచ్చింది.

తరవాతి రెండు వారాలు కేవలం చదువుకే సరిపోయాయి. చేరిన ఇరవై ఆరు మందిలో సగానికి పైగా ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు. తెలుగు మాట్లాడతారు కానీ చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. కొందరు తమ మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుని వస్తే మాస్టారు ఆ కాగితాలు తీసుకుని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ప్రదర్శన నాడు తిరిగి ఇస్తానన్నారు. మా ప్రాంతపు యాసను నూట పాతికేళ్ల కిందట అచ్చులోకి ఎక్కించిన నాటకాన్ని ఆ ప్రాంతపు పిల్లలే తడుముకుంటూ చదవడం వినడానికి కష్టంగా ఉండేది. అయితే పదో రోజుకు ఒక వింత జరిగింది. ఒక కుర్రవాడు కోపిష్ఠి అగ్నిహోత్రావధాన్లు తిట్లు చదువుతూ మధ్యలో ఆగి, ఇవి మా తాత మాటలే అన్నాడు. అక్కడి నుంచి వాడికి పుస్తకంతో పని తగ్గిపోయింది. ఆ తరవాతి ఆదివారం అందరినీ నాటకం మొదలయ్యే చోటికే, అంటే మా ఊరి బొంకులదిబ్బకే, తెల్లవారుజామున తీసుకువెళ్లి, ఆటోల మోతలో ఒకరికొకరు వినబడేలా, కానీ అరవకుండా, మాట్లాడించారు. గొంతు పెంచడం వేరు, మాటను పంపడం వేరు అని ఆయన చెప్పిన తేడా నేను అక్కడే, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, మొదటిసారిగా చెవులతో విన్నాను.

గిరీశం వేషం వేసిన పదో తరగతి కుర్రవాడి కథ వేరు. మా ఊరి పెద్దలకు గిరీశం అంటే జె.వి. రమణమూర్తి, రామప్ప పంతులు అంటే ఆయన అన్నగారు సోమయాజులు. ఇతరులకు 1955 సినిమాలోని రామారావు. అందుకే రిహార్సల్స్ పూర్తయ్యేదాకా ఎవరూ సినిమా చూడరాదని మాస్టారు ఆంక్ష పెట్టారు. ఆ కుర్రవాడికి వచ్చిన చిక్కు మాత్రం అనుకరణ వల్ల వచ్చింది కాదు. వాడు ఇంగ్లీషు మరీ బాగా మాట్లాడతాడు. గిరీశం ఇంగ్లీషు ఎదుటివాడిని బెదరగొట్టడానికి తొడుక్కున్న అరువు కోటు వంటిది. ఈ కుర్రవాడి నోట అది నీళ్లలా జారిపోతుంటే అందులో డాబు ఎక్కడ కనబడుతుంది? మూడు రోజులు ఎవరికీ ఏమీ తోచలేదు. నాలుగో రోజున మాస్టారు, ప్రతి ఇంగ్లీషు మాటకు ముందు ఒక్క క్షణం ఆగి, మాట అన్న తరవాత శిష్యుడు వెంకటేశం ముఖంలోకి చూసి, వాడు ఎంత హడలిపోయాడో కొలుచుకోమని చెప్పారు. ఉచ్చారణ మార్చమనలేదు. అంతే, వాక్యం వాక్యానికీ వాడిలో నుంచి గిరీశం బయటికి రావడం మొదలుపెట్టాడు. వెంకటేశం వేసిన బక్కపలచని పిల్లవాడికి కూడా దీనితో పని దొరికింది: అంతవరకు తన వంతు కోసం కాచుకుని నిలబడినవాడు, ఇప్పుడు ప్రతి మాటకూ బెదరాలి, మురవాలి, అర్థం కాకపోయినా తల ఊపాలి. పరీక్ష తప్పిన కుర్రవాడు తల ఊపే తీరు వాడికి ఎవరూ నేర్పనక్కరలేదు.

నా పిల్లలు పాతికేళ్ల పాటు సభలో తల్లుల కోసం వెతుక్కున్నది ఎందుకో నాకు ఇక్కడ అర్థమయింది. నేను వాళ్లకు మాట్లాడటం నేర్పాను కానీ వినడం నేర్పలేదు.

మా మనవరాలికి పూటకూళ్లమ్మ వేషం వచ్చింది. చిన్న వేషమే కానీ చీపురుకట్ట పట్టుకుని వేశ్య మధురవాణి ఇంటి మీదికి వెళ్లే రంగం ఉన్న వేషం. మంచం కింద రామప్ప పంతులు ముందే దాక్కుని ఉంటాడు, గిరీశం కూడా అక్కడికే దూరతాడు, ఒకరికి పడవలసిన దెబ్బ మరొకరికి పడుతుంది. పంతులు వేషం మాత్రం నాటక బృందంలోని ఒక అనుభవజ్ఞుడైన నటుడు వేశారు. పద్నాలుగేళ్ల పిల్ల యాభై దాటిన పెద్దమనిషి మీద చీపురు ఎత్తాలంటే చెయ్యి వస్తుందా? మొదటి నాలుగు రోజులు దానికి చెయ్యి రాలేదు. వచ్చిన రోజున నిజంగానే తగిలింది. నేను ఆ ఉదయం అక్కడే ఉన్నాను. ఆ పెద్దాయన చెవి తడుముకుంటూ లేచి, నవ్వి, దాన్ని దగ్గరికి పిలిచారు.

“అమ్మలూ, చీపురు ఎక్కడ ఆగాలో చూసుకోవలసినది నువ్వు. తగిలినట్టు చూపించవలసినది నేను. చప్పుడు సంగతి వాడు చూసుకుంటాడు,” అని మంచం కింద ఉన్న గిరీశాన్ని చూపించారు.

దెబ్బను ఇలా ముగ్గురికి పంచాక పని తేలికయింది. ఈనెల చీపురు కళ్లలో గుచ్చుకుంటుందని కొండచీపురు తెచ్చారు. మా పిల్ల దాన్ని తల మీదికి ఎత్తి ఒక్క లిప్త నిలపాలి, వెనక వరుసలవాళ్లకు అది కనబడాలి కనుక. తరవాత వేగంగా దించి, పంతులు భుజానికి జానెడు దూరంలో ఆపాలి. అదే క్షణంలో గిరీశం తన తొడ మీద అరచేత్తో చరుస్తాడు, పంతులు తల విదిలిస్తాడు. మూడూ కలిస్తే దెబ్బ. ఏ ఒక్కటి ముందు వెనకలైనా వట్టి చీపురు. దీన్ని లెక్కకు నూరుసార్లకు తక్కువ కాకుండా చేశారు. ఇంట్లో మా ఆవిడ ఊడుస్తున్న చీపురు కూడా లాక్కుని, నా భుజానికి జానెడు దూరంలో ఆపి చూపించిన రోజులున్నాయి. ప్రదర్శన నాడు ఆ దెబ్బకు సభ మొత్తం ఒక్కసారిగా నవ్వింది. నా పక్కన కూర్చున్న ఆవిడ అయ్యో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ అయ్యో ఒక్కటి చాలు, కట్టిన రుసుము ముట్టిందని నేను అనుకోవడానికి.

అందరిలోకీ మేటి ఎవరంటే, కరటకశాస్త్రి శిష్యుడు మహేశం వేషం వేసిన ఏడో తరగతి పిల్లవాడని చెప్పాలి. మగపిల్లవాడిని ఆడపిల్లగా అలంకరించి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అమ్మజూపే ఈ ఎత్తు, మన రంగస్థలపు స్త్రీపాత్రల సంప్రదాయానికి గురజాడవారు చేసిన చిలిపి నమస్కారంలా నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు ఆడవేషానికి తెచ్చిన గౌరవం తెలియని నేటి పిల్లలకు, మగవాడు చీర కట్టడమంటే టీవీ హాస్య కార్యక్రమాల వెకిలితనమే గుర్తుకు వస్తుంది. ఈ పిల్లవాడు కూడా మొదట నడుము తిప్పుతూ వచ్చాడట. మాస్టారు ఏమీ కొత్తగా చేర్చలేదు, తీసివేశారు: నడుము ఊపు తీసేశారు, కళ్లు తిప్పడం తీసేశారు, ఊరికే వేలాడే చేతులకు వోణీ కొంగు అంచు అప్పగించారు. మిగిలినది, భయపడుతున్న ఒక చిన్నపిల్ల. ఆ వేషంలోనే వాడు ఎవరూ చూడనప్పుడు గురువు వైపు తిరిగి మగపిల్లవాడిలా కన్ను గీటినప్పుడు వచ్చిన నవ్వు, ఆ భయాన్ని ముందుగా నమ్మినందువల్ల వచ్చినది.

ఇక ఫిర్యాదులకు వస్తాను. అవి చిన్నవి కావు.

ఆరు గంటలకు మొదలు కావలసిన ప్రదర్శన ఏడింటికి కూడా మొదలు కాలేదు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షుడు వరసగా మాట్లాడారు, శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. ఒకరు గిరీశం ఆఖరి మాటను ముందే చెప్పేసి చప్పట్లు కొట్టించుకున్నారు. ఈ గంట పైచిలుకూ జూన్ ఉక్కలో, తలపాగాలతో, అంటించిన మీసాలతో, పిల్లలు తెర వెనక ఒకే ఒక్క పంకా కింద నిలబడి ఉన్నారు. అగ్నిహోత్రావధాన్లు మీసం చెమటకు ఊడి రెండో రంగంలో వేలాడింది; వాడు దాన్ని కోపంతో మీసం దువ్వుకున్నట్టు నొక్కి పెట్టుకుని గట్టెక్కాడు కాబట్టి సరిపోయింది. తల్లిదండ్రుల సొమ్ముతో, టికెట్టు డబ్బుతో నడిచే కార్యక్రమంలో సన్మానాలు ఎందుకో నిర్వాహకులు ఆలోచించాలి. తప్పదనుకుంటే నాటకం అయ్యాక పెట్టుకోవచ్చు. అప్పటికీ కూర్చున్నవారే నిజమైన అభిమానులు.

వేలాడదీసిన మైకులు వేదిక మధ్యలో ఉన్నవారి మాటలనే పట్టుకున్నాయి. ఎడమ పక్కన మీనాక్షి, బుచ్చమ్మ వేషాలు వేసిన పిల్లల మాటలు అయిదో వరుస దాటలేదు. బొంకులదిబ్బ మీద అంత కష్టపడి మాటను పంపడం నేర్పినవారు, హాలులో ఒక్క రోజైనా పూర్తి రిహార్సల్ పెట్టుకోకపోవడం ఏమిటి? హాలు అద్దె ఎక్కువని సమాధానం వచ్చింది. అయితే రుసుము గాక దుస్తుల అద్దె పేరుతో చివరి వారంలో అడిగిన 500 రూపాయలు ముందే కరపత్రంలో చేర్చి, దానికి తోడు హాలు అద్దె కూడా కలిపి అడిగి ఉంటే ఎవరూ కాదనేవారు కారు.

అన్నింటికన్నా పెద్ద కొరత మధురవాణి. వేశ్య పాత్రను బడిపిల్ల చేత వేయించడానికి కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. వారి సంకోచాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఆ పాత్రను బృందంలోని ఒక నటీమణికి ఇచ్చారు. ఆమె మంచి నటి, మాట విరుపులో, నవ్వును మధ్యలో తుంచడంలో ఆమెకు సాటి వచ్చేవారు ఆ వేదిక మీద లేరు. సరిగ్గా అదే ఇబ్బంది అయింది. పదిహేనేళ్ల గిరీశం ఎదురుగా ముప్ఫై అయిదేళ్ల మధురవాణి నిలబడితే ఆ మాటల పోరు సమానంగా సాగదు; మేనత్త మేనల్లుణ్ణి మందలిస్తున్నట్టు ఉంటుంది. రామప్ప పంతులు వయసు మళ్లినవాడు కనుక అక్కడ పెద్ద నటుడు చక్కగా అతికాడు. మధురవాణి విషయంలో ఆ లెక్క కుదరదు. ఈ నాటకంలో అందరికన్నా ముందు ఆలోచించేది, అందరి ఎత్తులూ చదివేది, లోకం తనకు పెట్టిన పేరును పక్కకు నెట్టి ఒక పసిపిల్ల పెళ్లి తప్పించేది ఆమె. ఒక పదో తరగతి ఆడపిల్లకు ఇంతకన్నా తెలివైన పాత్ర మన సాహిత్యంలో ఏది ఇవ్వగలం? నగలు, అలంకారం తగ్గించి, శృంగారపు మాటలు కత్తిరించి ఆ వేషాన్ని మా మీనాక్షి వేసిన పిల్లకే ఇచ్చి ఉంటే నిలబెట్టేదని నా నమ్మకం. మొదటి రోజున 1034 పెళ్లిళ్ల లెక్క భరించగలరని పిల్లలను నమ్మిన మాస్టారు, ఇక్కడ వారి తల్లిదండ్రులను ఒప్పించడానికి ఒక్క సమావేశమైనా పెట్టి ఉండవలసింది.

కత్తిరింపుల గురించి కూడా చెప్పాలి. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలు. అది ఒక సాయంత్రంలో ఇమడదు కనుక రెండున్నర గంటలకు కుదించారు. బైరాగి, గంజాయి రంగాలు పోయినందుకు నాకు బెంగ లేదు, నాయుడుగారి వకాల్తా గొడవ పోయినందుకు కొంచెం ఉంది. కానీ చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లి, లుబ్ధావధాన్లును కాపాడే రహస్యం చెప్పడానికి బదులుగా ముద్దు అడిగే బేరాన్ని మొత్తంగా తీసివేసి, ఒక వ్యాఖ్యాత చేత రెండు వాక్యాలలో కథ చెప్పించారు. బడిపిల్లల నాటకంలో ముద్దు ప్రసక్తి వద్దనుకోవడం అర్థమవుతుంది. అయితే వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషికి, ఎదుట నిలిచిన మనిషి ముఖం చూడక తప్పని స్థితి తెచ్చిపెట్టడమే ఆ రంగంలోని పట్టు. బేరం ఏదైనా కావచ్చు. ఆయన నియమం ఒక్క మెట్టు దిగాలి. అది లేకపోవడంతో గిరీశం గుట్టు బయటపడటం గాలిలోంచి ఊడిపడ్డట్టయింది, జనానికి కంఠతా వచ్చిన ఆ ఆఖరి మాట చప్పట్లయితే సంపాదించుకుంది కానీ దాని వెనక ఉండవలసిన ఓటమి కనబడలేదు.

వసతుల విషయంలో పేచీ లేదు. రోజూ ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, ఎండ ముదరకముందే, రిహార్సల్స్ ముగించేవారు. ఉప్మా, మజ్జిగ వేళకు అందేవి. ఆడపిల్లలకు తోడుగా బృందంలోని ఒకావిడ ఎప్పుడూ ఉండేవారు. భటుల వేషాలు వేసినవారిని కూడా ఊరికే నిలబెట్టకుండా తెర లాగడం, దీపాలు, వస్తువుల జాబితా నేర్పారు. కథలోని కంటె అనే నగ ఏ రంగంలో ఎవరి చేతిలో ఉండాలో ఒక ఎనిమిదో తరగతి పిల్ల నోటుపుస్తకంలో రాసుకుని, ప్రదర్శన పొడుగునా దాన్ని చేతికందిస్తూ నిలబడింది. ఆ నోటుపుస్తకం నాకు చూపించింది కూడా. ప్రతి పేజీలోనూ తెలుగు అక్షరాలే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల కాగితాలు మాత్రం ప్రదర్శన అయ్యాక మాస్టారు మాట ప్రకారం తిరిగి ఇచ్చారు. మా మనవరాలు తన కాగితాన్ని చూసి, ఇది నాది కాదేమో తాతయ్యా అంది.

దసరా సెలవుల్లో కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయం ఎత్తుకుంటారని చెబుతున్నారు. కన్యాశుల్కం పోయి వరశుల్కం వచ్చిన కాలపు నాటకం కనుక వరస బాగానే కుదిరింది. కాళింది వేషాన్ని ఈసారి విద్యార్థినికే ఇస్తామని మాట ఇస్తే మా పిల్లను మళ్లీ పంపుతాను, ఇవ్వకపోయినా పంపుతానేమో, అది వేరే సంగతి. ఈలోగా కన్యాశుల్కం రెండో ప్రదర్శన ఉంది, టికెట్టు 150 రూపాయలు. వెళ్లదలచినవారు ఆరున్నర దాటాక వెళ్లినా నష్టపోయేది ఉపన్యాసాలే. అయిదో వరుస కన్నా వెనకకు పోవద్దు, కుడివైపు కూర్చోవద్దు. మంచాన్ని ఇటుకల మీద ఎత్తు చేశారు కానీ దాని కింద గిరీశం, పంతులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే క్షణం ముందు వరుసలకే దక్కుతుంది. నేను మొదటిసారి పదకొండో వరుసలో కూర్చున్నాను. ఈసారి మూడో వరుసలో, ఎడమవైపు, రెండు టికెట్లు తీసి ఉంచాను; ఒకటి మా ఆవిడకు.